ఊళ్లో ఎంతమంది?
(తెలుగు తరగతి విద్యార్థులకు ఇచ్చిన ఉపన్యాసం)



నేను మారిషస్‌కు వచ్చింది మా అమ్మాయిని, మనవరాలిని చూసిపోవడానికి. ఈ సంగతి మీ టీచరుగారికి ఎలా తెలిసిందో గాని, "మీరు పల్లెటూళ్లలో పాఠాలు చెప్పినవారు గదా, మా పిల్లలకు పల్లెటూరి గురించి నాలుగు మాటలు చెప్పండి" అని అడిగారు. సరేనన్నాను. ముందుగా మీ వాచకం తెప్పించుకొని చూశాను. అందులో పల్లెటూరి పాఠానికి పక్కన ఒక బొమ్మ ఉన్నది. చెరువు, గుడి, తాటిచెట్లు, ఎద్దులబండి, బిందెతో నడిచివెళ్లే ఆడపిల్ల. ఆ బొమ్మ చూడగానే నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసునా? అందులోని మనుషులను లెక్కపెట్టాను. తొమ్మిదిమంది ఉన్నారు.

నవ్వకండి. అది నా పాత అలవాటు. నేను లెక్కల పంతులును కాను, తెలుగు పంతులునే. అయితే 1981లోను, 1991లోను ప్రభుత్వం నాచేత మనుషులను లెక్క పెట్టించింది. ఇండియాలో జనాభా లెక్కలు వచ్చినప్పుడల్లా ఇల్లిల్లూ తిరిగి రాసేది ఎక్కువగా బడిపంతుళ్లే. బొమ్మలో తొమ్మిదిమందే ఉండవచ్చు గాని, నిజం ఊళ్లో వెయ్యిమందో, రెండువేలమందో ఉంటారు. వాళ్లెవరు, ఎంతటివారు, ఏం చేస్తారు, ఎక్కడికి పోయారు అన్నదే ఈ రోజు నేను చెప్పదలచుకొన్న విషయం.

మొదట కొన్ని పెద్ద అంకెలు. ఇప్పుడే చెప్పేస్తాను, తరువాత విసిగించను. భారతదేశమంతటా ఒకే నాటికి జనాభాను లెక్కించడం 1881 ఫిబ్రవరి 17న మొదలైంది. అప్పటినుంచి 2011 దాకా పదేళ్లకొకసారి తప్పకుండా లెక్కించారు. 2011లో దేశ జనాభా 121 కోట్లు. అందులో 83 కోట్లమంది పల్లెల్లో ఉన్నారు. పల్లెల సంఖ్య సుమారు 6 లక్షల 40 వేలు. ఇందులో ఒక విచిత్రం ఉన్నది. వాటిలో 40 వేలకు పైగా ఊళ్లలో ఒక్క మనిషి కూడా లేడు! ఊరికి పేరుంటుంది, పొలిమేర ఉంటుంది, భూముల లెక్క ఉంటుంది, కాపురాలు మాత్రం ఉండవు. అటువంటి ఊరిని మా వైపు 'బేచిరాకు' గ్రామం అంటారు, అంటే దీపం లేని ఊరు. కరువుకో, కలరాకో భయపడి జనం లేచిపోయిన ఊళ్లు కొన్ని, భూమి తప్ప ఎన్నడూ ఇళ్లే లేనివి కొన్ని.

2021లో జరగవలసిన లెక్కలు కరోనా మూలంగా ఆగిపోయాయి. తిరిగి 2027 మార్చి 1 నాటికి లెక్క తీస్తామని ప్రభుత్వం 2025లో ప్రకటించింది. కనుక నేను చెప్పే అంకెలు 2011 నాటివి.

ఇక ఊళ్లోకి పోదాం. హైదరాబాదుకు ఉత్తరాన, కరీంనగరు పోయే దారిలో శామీర్‌పేట అని ఒక ఊరున్నది. పెద్ద చెరువు ఉన్న ఊరు. 1951లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన శ్యామాచరణ్ దూబే అనే పండితుడు తన బృందంతో ఆ ఊరికి వెళ్లి ఇల్లిల్లూ తిరిగి లెక్క రాసుకొన్నారు. దాని మీద ఆయన ఇంగ్లీషులో రాసిన 'ఇండియన్ విలేజ్' అనే పుస్తకం 1955లో వెలువడింది. పల్లెటూరి మీద వచ్చిన మంచి పుస్తకాల్లో దానిని ఈనాటికీ చెప్పుకొంటారు. అందులో శామీర్‌పేట జనాభా సుమారు 2,500. కుటుంబాలు 500కు కాస్త పైన. అంటే ఇంటికి ఐదుగురు. కాపులు, కుమ్మరులు, గొల్లలు, సాలెలు, గౌండ్లవారు, చాకలివారు, మంగలివారు, వడ్డెరలు, ఎరుకలు, మాలలు, మాదిగలు, ముస్లిములు, కోమట్లు, బ్రాహ్మణులు, ఇంకా కమ్మరి, వడ్రంగి మొదలైన పనివారు అందరూ ఆ రెండున్నరవేలమందిలోనే ఉన్నారు.

అంత చిన్న ఊళ్లో ఇన్ని రకాలవాళ్లు ఎందుకున్నారు? ఆలోచించండి. కుండ కావాలంటే కుమ్మరి ఉండాలి. నాగలి విరిగితే వడ్రంగి ఉండాలి. గుడ్డలు ఉతకడానికి, వెంట్రుకలు కత్తిరించడానికి, చెప్పులు కుట్టడానికి ఒక్కొక్కరు ఉండాలి. ఒక్కొక్క పనికి ఒక కులం ఉండేది, ఆ పనివారికి ఏటేటా పంట వచ్చినప్పుడు రైతు గింజలు కొలిచి ఇచ్చేవాడు. చెప్పడానికి ఇది చక్కని ఏర్పాటులా కనిపిస్తుంది. కాని అందరికీ కావలసిన పనులు చేసేవారిలో కొందరిని ఊరి బయట ఉంచారు, బావి నీళ్లు తోడుకోనివ్వలేదు. అది కూడా ఆ ఊరి జనాభా లెక్కలో ఒక భాగమే. ఎవరి ఇల్లు ఎక్కడ ఉన్నదో చూస్తే చాలు, ఆ సంగతి తెలిసిపోతుంది.

ఇప్పుడు శామీర్‌పేటకు వెళితే ఆ పుస్తకంలోని ఊరు కనిపించదు. హైదరాబాదు నగరం దగ్గరికి వచ్చేసింది. న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయం వెలిసింది. పక్కనే జీనోమ్ వ్యాలీలో మందులు, టీకాలు తయారవుతున్నాయి. ఇప్పుడక్కడ లెక్క తీస్తే కుమ్మరి పని, సాలె పని గడుల్లో ఎంతమంది పడతారో మీరే ఊహించుకోండి.

నేను లెక్కలు రాసిన ఊరికి ఇంత పేరు లేదు. అది పాలమూరు జిల్లాలోని ఒక చిన్న ఊరు. పాలమూరు అంటే మహబూబ్‌నగర్. ఎర్ర నేల, రాళ్ల గుట్టలు, ఎప్పుడు వస్తుందో తెలియని వాన. జొన్న, ఆముదం, పల్లీ పండుతాయి, వాన పడితే. నాకప్పుడు పాతికేళ్లు. ఉద్యోగంలో చేరి రెండేళ్లు కాలేదు. నా చేతికి కాగితాల కట్ట, నీలం పెన్ను ఇచ్చి, "ఫిబ్రవరి 9 నుంచి 28లోగా ఒక్క మనిషి కూడా తప్పిపోకూడదు, ఒక్క మనిషిని కూడా రెండుసార్లు రాయకూడదు" అన్నారు.

వినడానికి చాలా తేలికగా ఉన్నది గదా! నేనూ అట్లాగే అనుకొన్నాను.

అంతకు కొన్ని నెలల ముందే ప్రతి గుమ్మం మీద జాజుతో, అంటే ఎర్రమట్టితో, ఒక నంబరు వేసి ఉంచారు. నేను ఆ నంబర్ల వరసన పోతాను. ఇంటి పెద్ద పేరేమిటి, ఆయనకు మిగిలినవారు ఏమవుతారు, ఆడా మగా, వయసెంత, పెళ్లయిందా, మాతృభాష ఏది, చదవను రాయను వచ్చునా, ఏం పని చేస్తారు అని అడిగి ఒక్కొక్కరికి ఒక్కొక్క చీటీ నింపాలి.

వయసు దగ్గరే బండి ఆగిపోయింది. పుట్టినరోజు అనేది ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. ఒక అవ్వను అడిగితే, "నూరేండ్లుంటయి బిడ్డా, రాసుకో" అన్నది. చూస్తే అంత ఉండదు. ఇటువంటి చోట ఏం చేయాలో మాకు నేర్పారు. అందరికీ గుర్తుండే ఒక సంఘటనను పట్టుకొని వెనక్కి లెక్కకట్టాలి. తెలంగాణలో అటువంటి గుర్తు రజాకార్ల కాలం. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి నిజాం పాలన ముగించింది. "రజాకార్ల గడబిడప్పుడు నీ పిల్లలు పుట్టారా అవ్వా?" అన్నాను. "నా పెద్దకొడుకు చంకల ఉండె" అన్నది. పెళ్లయిన ఎన్నాళ్లకు పుట్టాడు, అప్పటికి నువ్వు ఎంతదానివి అని కూడుతూ పోతే యాభై రెండో యాభై మూడో తేలింది. అవ్వకు అది నచ్చలేదు. తన వయసులో సగం నేను మింగేశానన్నది!

అడగగానే వయసు చెప్పగలిగినవాళ్లు కూడా నలభై అంటారు, నలభై ఐదు అంటారు. నలభై మూడు అని ఎవరూ అనరు. అందుకే ఇండియా లెక్కల పట్టికల్లో సున్నతోను, ఐదుతోను ముగిసే వయసులవాళ్లు కొండల్లాగా లేచి ఉంటారు, మధ్యలో లోయలు ఉంటాయి. నిజంగా అట్లా పుట్టరు గదా! దేశంలో ఎంతమందికి తమ వయసు సరిగా తెలియదో ఆ కొండలను చూసి చెప్పవచ్చు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. ఒక ఇంట్లో రైతు మంచం మీద కూర్చొని జవాబులు చెబుతున్నాడు. ఆయన పని రాసుకొన్నాను, సేద్యం. "మీ ఇంట్లో ఆమె ఏం పని చేస్తుంది?" అన్నాను. "పనేం జేస్తది సారూ, ఇంట్లనే ఉంటది" అన్నాడు. సరేనని 'ఇంటిపని' గడిలో రాసి, ఆమె 'పని చేయనివారి'లో చేరినట్టు గుర్తు పెట్టాను. నేను లేచి వాకిట్లోకి వచ్చేసరికి ఆమె నెత్తి మీద పెద్ద గడ్డిమోపుతో గుమ్మంలోకి వస్తున్నది. తెల్లవారుజామున పోయి పల్లీ పీకి, బర్రెకు గడ్డి కోసుకొని, చంకలో పిల్లతో తిరిగి వచ్చింది. నేను ఆమెకు దారి ఇచ్చాను. కాని వెనక్కి తిరిగి ఆ చీటీ దిద్దలేదు. దిద్దాలని నాకు తోచనే లేదు. పైగా అదే పనిని అదే ఊళ్లో నలభై ఇళ్లల్లో చేశాను.

ఇది నేనొక్కణ్నే చేసిన తప్పు కాదని తరువాత తెలిసింది. దేశమంతటా పంతుళ్లు అట్లాగే రాశారు. చదువుకొన్న స్త్రీలు, జనాభా శాస్త్రజ్ఞులు దీనిని ఎత్తి చూపారు. 1991లో మళ్లీ నా చేతికి కాగితాలు వచ్చినప్పుడు ప్రశ్న మారింది. 'నిరుడు ఏమైనా పని చేశారా?' అనే ప్రశ్న పక్కనే, సొంత పొలంలో గాని ఇంటి వృత్తిలో గాని జీతం లేకుండా చేసిన పనిని కూడా కలిపి అని అచ్చువేశారు. ఈసారి నేను భర్తను అడగలేదు, ఆమెనే అడిగాను. "నిరుడు నాట్లు వేశావా? కలుపు తీశావా? బర్రెను మేపావా?" అన్నాను. "అవన్నీ పనులా సారూ?" అన్నది. పనులేనమ్మా అని రాసుకొన్నాను. మనుషులు అదే ఊరివాళ్లు, పనులూ అవే. అడిగిన తీరు మారగానే ఊళ్లో పనిచేసే ఆడవాళ్లు ఒక్కసారిగా కనిపించారు.

ఆడవాళ్ల మాట వచ్చింది గనుక ఇంకొకటి చెప్పాలి. మీరు కాస్త పెద్దవాళ్లే, అర్థం చేసుకోగలరు. ఊరి పట్టికలో ఆరేళ్లలోపు పిల్లలకు ప్రత్యేకంగా ఒక వరస ఉంటుంది. ఆడపిల్లలెందరు, మగపిల్లలెందరు అని. 1961లో ఇండియాలో ఆ వయసు మగపిల్లలు వెయ్యిమంది ఉంటే ఆడపిల్లలు 976 మంది ఉన్నారు. 1991కి 945 అయ్యారు. 2001కి 927. 2011కి 918. కరువు వస్తే ఇద్దరూ పోతారు, జబ్బు వచ్చినా ఇద్దరూ పోతారు. మరి ఆడపిల్లలే ఎందుకు తగ్గిపోయారు? కడుపులో ఉన్నది ఆడపిల్ల అని పరీక్ష చేయించి తెలుసుకొని, వద్దనుకొన్నవాళ్లున్నారు. పుట్టినదాన్ని కొడుకులాగా చూడనివాళ్లున్నారు. ఆ పరీక్షను నిషేధిస్తూ 1994లో చట్టం చేశారు. ఏ ఇంటివాడూ నా ఎదుట "మాకు ఆడపిల్ల వద్దు" అని చెప్పలేదు. ఏ కాగితంలోనూ ఆ ప్రశ్న లేదు. అయినా ఊరంతా కలిసి దాచిన మాట ఆ ఒక్క వరసలో బయటపడుతుంది.

మీ క్లాసులో ఆడపిల్లలే ఎక్కువమంది ఉన్నట్టున్నారు. మంచిది, మంచిది.

ఇక అన్నింటికంటె నన్ను కష్టపెట్టిన సంగతికి వస్తాను. నేను వరసగా పోతుంటే ఇంటి తరువాత ఇల్లు తాళం వేసి ఉన్నది. కొన్నింటికి తాళం కూడా లేదు, తడికె తాడుతో కట్టి ఉన్నది. లోపల ఎవరూ లేరు, లేకపోతే ఒక ముసలామె, ఇద్దరు చిన్నపిల్లలు. వయసులో ఉన్నవాళ్లు ఏరి? అందరూ 'పాలమూరు లేబరు'గా వెళ్లిపోయారు. ఈ మాటను మీరెప్పుడూ విని ఉండరు గాని ఇండియాలో ఆనకట్టలు కట్టినవాళ్లకు బాగా తెలుసు. ఖరీఫు పంట ఇంటికి రాగానే గుంపు మేస్త్రీ ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు డబ్బు ఇచ్చి, మొగుడూ పెళ్లాలను లారీ ఎక్కించుకొని తీసుకొనిపోతాడు. ఎక్కడెక్కడో కాలువలు తవ్వుతారు, మట్టి మోస్తారు, కాంక్రీటు పోస్తారు. మళ్లీ వానలకు తిరిగి వస్తారు. కొందరు రారు. జనాభా లెక్కలు జరిగేది సరిగ్గా వాళ్లు ఊళ్లో లేని ఫిబ్రవరి నెలలో!

మాకిచ్చిన నియమం చాలా స్పష్టంగా ఉన్నది. ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు ఒక్క రోజు కూడా ఇంట్లో లేనివాణ్ని ఆ ఇంట్లో రాయకూడదు. అతడు ఎక్కడ ఉంటే అక్కడి పంతులు రాస్తాడు. నియమం సరైనదే. లేకపోతే ఒక మనిషిని రెండు చోట్ల రాసేస్తారు. అయినా ఒక తల్లి నా ఎదుట కూర్చొని, "నా కొడుకు, కోడలు, వాళ్ల పిల్లగాడు, ముగ్గురిని రాయి" అన్నది. ఎప్పుడు వెళ్లారని అడిగాను. దీపావళి అయినాక అన్నది. ఎప్పుడు వస్తారంటే ఉగాదికి అన్నది. "అయితే రాయకూడదమ్మా, వాళ్లున్నచోట రాస్తారు" అన్నాను. ఆమె నా చేతిలోని కాగితం వైపు చూసి, "గా ఇల్లు ఎవలిది సారూ? నా కొడుకు గీ ఊరోడు గాడా?" అన్నది.

'ఎవలిది' అంటే ఎవరిది అని. ఇల్లు ఎవరిది, నా కొడుకు ఈ ఊరివాడు కాదా అని అడిగింది. నేనేం చెప్పను? నియమం ప్రకారం ఆమెను, మరో మనవణ్ని, ఇద్దరినే రాశాను. కొండల నడుమ, డేరాల్లో, రాత్రింబగళ్లు పని జరిగేచోట ఆ ముగ్గురిని ఏ పంతులైనా వెతికి రాశాడో లేదో దేవునికెరుక.

రాయకపోతే ఏం నష్టం అని మీరడగవచ్చు. ఒక ఉదాహరణ చెబుతాను. మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం అని ఇండియాలో ఒక కొలత ఉన్నది. కొండప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒకటి. పిల్లలకు సూదులు వేసే నర్సమ్మ ఉండేది అక్కడే. ఇటువంటి కొలతలకు చూసేది జనాభా పట్టికనే. ఊళ్లో సగంమంది లెక్కలో లేకపోతే వాళ్లు తిరిగి వచ్చినప్పుడు, పిల్లకు జ్వరం వచ్చినప్పుడు, ఆ ఊరు కాగితం మీద చిన్న ఊరే. ఇక తల్లిదండ్రుల వెంట డ్యాముల దగ్గరికి పోయిన పిల్లలకు బడి ఎక్కడిది? 2011లో మహబూబ్‌నగర్ జిల్లాలో అక్షరాస్యులు 55 శాతమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాల్లోనూ అదే అట్టడుగు.

ఫిబ్రవరి 28 రాత్రి మాకు ఇంకొక పని ఉండేది. ఇల్లే లేనివాళ్లను లెక్కపెట్టాలి. లాంతరు పట్టుకొని ఊరి బయట చింతచెట్టు కిందికి పోయాను. అక్కడ కథలు చెప్పుకొంటూ ఊరూరూ తిరిగే ఒక కుటుంబం గుడిసె గుడ్డ వేసుకొని పడుకొన్నది. లేపి, మీదే ఊరు అని అడిగాను. ఇంటి పెద్ద కళ్లు నులుముకొంటూ, "ఏ ఊళ్ల పండుకుంటే గా ఊరే" అన్నాడు. తెల్లవారితే వాళ్లు వెళ్లిపోయారు. కాని 1991 దాకా, పదేళ్లపాటు, పట్టికలో వాళ్లు ఆ ఊరి ప్రజలే! ఎన్నడూ ఊరు విడిచి పోవాలనుకోని ఆ కొడుకు లెక్కలో లేడు, ఒక్క రాత్రి పడుకొన్న కథకుడు ఉన్నాడు. లెక్కలు అటువంటివి.

మార్చి 1వ తేదీ సూర్యోదయం మాకు గీటు. మార్చి మొదటి అయిదు రోజుల్లో మళ్లీ ఇల్లిల్లూ తిరిగి, ఆ సూర్యోదయానికి ముందు ఎవరైనా చనిపోతే కొట్టివేయాలి, ఎవరైనా పుడితే చేర్చాలి. ఒక ఇంట్లో మార్చి 1న అంబలి తాగే వేళకు ఆడపిల్ల పుట్టింది. "పొద్దు పొడిచాక పుట్టింది గనుక రాయకూడదు" అన్నాను. "అయితే గీ పిల్ల లేనట్టేనా?" అని నాయనమ్మ పోట్లాటకు వచ్చింది. లోపలనుంచి పిల్ల కేరుమని ఏడుస్తున్నది, నేను బయట నిలబడి లేదంటున్నాను. ఆ పిల్ల 1991లో, పదేళ్ల వయసులో, మొదటిసారి లెక్కలోకి వచ్చి ఉంటుంది.

ఇప్పటి పల్లెలు ఎట్లా ఉన్నాయి? నేను పాఠం చెప్పిన రోజుల్లో బడి వరండాలో కూడా పిల్లలు కూర్చొనేవారు. ఇప్పుడు చాలా పల్లెల్లో బడులకు పిల్లలే చాలడం లేదు. ఒక కారణం ప్రైవేటు బడుల బస్సులు, ఇంకొక కారణం పిల్లలు పుట్టడమే తగ్గడం. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఇద్దరికంటే తక్కువ. ఒకప్పుడు జనం ఎక్కువైపోతున్నారని గోడల మీద ఎర్ర త్రికోణం వేసి హెచ్చరించిన దేశమది. పాలమూరు నుంచి ఇంకా వలస పోతూనే ఉన్నారు. లారీలకు బదులు కొందరు విమానాలెక్కి గల్ఫు దేశాలకు పోతున్నారు. వాకిట్లో కూర్చొని ఫోనులో మనవడి ముఖం చూసుకొనే ముసలివాళ్లు మాత్రం ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

ఇప్పుడు మీ దగ్గరికి వస్తాను. మొన్న మా అమ్మాయి నన్ను పోర్టులూయీలోని అప్రవాసీ ఘాట్‌కు తీసుకొనిపోయింది. ఆ రాతిమెట్లు మీరు చూసే ఉంటారు. 1834 నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదటి ఏళ్ల దాకా సుమారు నాలుగున్నర లక్షలమంది చెరుకు తోటల్లో కూలికి ఇండియా నుంచి ఈ దీవికి వచ్చారు. తెలుగువాళ్లు గోదావరి, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి వచ్చారు. గోదావరి దగ్గరి కోరంగి రేవు పేరుతోనే మీ పెద్దలను ఇక్కడ 'కోరంగీలు' అని పిలిచేవారట. దిగినవాళ్లను వరసగా నిలబెట్టి పెద్ద పుస్తకాల్లో రాసుకొన్నారు. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు, జిల్లా, ఊరు. ఆ పుస్తకాలు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి.

ఆ పుస్తకాల మాట విన్నప్పుడు నాకు పాలమూరు తల్లి గుర్తుకు వచ్చింది. దేశమంతటికీ ఒకేసారి లెక్క తీయడం మొదలైంది 1881లో అని చెప్పాను గదా. దానికి నలభై ఏళ్లు ముందే ఓడ ఎక్కినవాడు ఆ లెక్కలో ఎక్కడా ఉండడు. తరువాత వెళ్లినవాడి చోట కూడా, ఆ ఊరి పట్టికలో ఒక తల తగ్గి ఉంటుంది, అంతే. ఎందుకు తగ్గిందో, ఎక్కడికి పోయిందో ఆ కాగితం చెప్పదు. కాని సముద్రం ఇవతల, ఎవరో తెల్ల గుమస్తా తనకు నోరు తిరగని ఊరి పేరును చెవికి తోచినట్టు రాసి పెట్టాడు. తప్పులతో రాశాడు. ఒకే ఊరిని మూడు రకాలుగా రాశాడు. అయినా రాశాడు.

మీ దేశంలో 2011లో జనాభా లెక్కలు తీసినప్పుడు 'మీ పూర్వికుల భాష ఏది?' అని కూడా అడిగారు. మీ ఇంట్లోవాళ్లు తెలుగు అని రాయించి ఉంటారు. ఊరు ఏది అని మాత్రం ఎవరూ అడగలేదు. కనుక ఆ ప్రశ్న నేను అడుగుతాను. ఇది మీకు ఇంటిపని. నాలుగు గీతలు గీసి ఒక పట్టిక తయారు చేయండి. మొదటి గడిలో మీ ఇంట్లో రేపు సూర్యోదయం వేళకు ఉన్నవాళ్ల పేర్లు రాయండి. రెండో గడిలో వయసు. మూడో గడిలో వాళ్లు చేసే పని రాయండి. అయితే అమ్మ పని నాన్నను అడిగి రాయకండి, అమ్మనే అడగండి. నాలుగో గడిలో, ఇంటివాళ్లే అయినా రేపు ఇంట్లో లేనివాళ్లు ఎవరు, ఎక్కడ ఉన్నారు అన్నది రాయండి. లండన్‌లో చదువుకొనే అన్నయ్య కావచ్చు, ఓడ మీద పనిచేసే మామయ్య కావచ్చు.

అడుగున ఒక గీత ఖాళీగా వదలండి. మీ నాయనమ్మను, తాతయ్యను, వాళ్లకంటే పెద్దవాళ్లు ఉంటే వాళ్లను అడగండి. ఊరి పేరు పూర్తిగా తెలియకపోయినా ఫరవాలేదు. పేరులో ఒక ముక్కో, దగ్గరి ఏరో, రేవో, కొండో చెప్పినా రాసుకోండి. అదీ లేకపోతే మోకాలో పుస్తకాలు ఉన్నాయి, పెద్దవాళ్లను వెంటబెట్టుకొని పోండి. వచ్చే గురువారం మళ్లీ వస్తాను, పట్టికలు తెండి. ఊరి పేరు తప్పుగా రాసి ఉంటే అది ఏ ఊరు అయి ఉంటుందో మనమందరం కూర్చొని ఇండియా పటంలో వెతుకుదాం. నా కళ్లద్దాలు కూడా తెచ్చుకొంటాను.